ఏడు ఆదివారాల ఎండ

పద్మా,

నువ్వు పోయిన ఆరేళ్ళకు నీ కూతురి బుగ్గల మీద అవే ఎర్రటి మచ్చలు వచ్చాయి. నిన్న చిక్కబళ్ళాపురంలో రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ చెప్పింది. "ఇది లూపస్ అమ్మా. ఒంటికి కాపలా ఉండాల్సిన కాంప్లిమెంట్ ప్రోటీన్లే, సొంత ఒంటిమీద తిరగబడే టి కణాలనే తెల్లరక్తకణాలకు బలమిస్తాండాయి. ఎండ తగిలితే ఇంకా రేగతాది."

నీ జబ్బుకు ఆ పేరు మనకెవరూ చెప్పలేదు. మచ్చలు పోవాలని సూర్యుడికి మొక్కి, ఏడు ఆదివారాలు మిద్దెమీద నిన్ను ఎండలో నిలబెట్టింది నేనే. "అక్కా, మండతాండాది" అన్నావు. దిగితే మొక్కు చెడుతుందన్నాను.

ఈరోజు ఆదివారం. పాపకూ అదే మొక్కు మొక్కిన మన అమ్మ, పైనుంచి పాపను మిద్దెమీదికి రమ్మని పిలుస్తోంది. "పొద్దెక్కతాండాది, రామ్మా."

మెట్ల తలుపు మూసి అడ్డంగా కూర్చున్నాను. నువ్వు దిగొస్తానని ఏడ్చినప్పుడు కూడా ఇక్కడే, ఇలాగే కూర్చున్నాను.