జిమ్ గోడ మీద నా ఫొటో

మరిదీ,

నీ జిమ్ గోడ మీద "ముందు" అని రాసి నా ఫొటో పెట్టావు, చూశాను. పక్కనే "తర్వాత" అని ఎవరో పుల్లలాంటి మనిషిని అతికించావు. ఎవరయ్యా ఆవిడ? చిక్కితే నేనలా అవుతానట! ఆవిడ కడుపు నిండా తింటుందా, నవ్వొస్తే పొట్ట పట్టుకు నవ్వుతుందా? తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నా ఫొటో నీ పెళ్లినాటిదే. నువ్వు కూర్చోబోతుంటే కుర్చీ లాగేసి పగలబడి నవ్వుతున్నాను.

నాదంటే మందపు తోలు. నా కూతురి సంగతేంటి? రోజూ నీ జిమ్‌కొచ్చి ఆ ఫొటోల ముందు నిలబడి నడుం గిల్లుకుని చూసుకుంటోంది. వారం నుంచి మధ్యాహ్నం అన్నం డబ్బా ముట్టకుండా వెనక్కి తెస్తోంది. అడిగితే, "నాదీ నీ పోలికేగా అమ్మా, ఇప్పట్నుంచే జాగ్రత్తపడాలి" అంది.

అందుకే నిన్న పొద్దున నువ్వు రాకముందే రెండు ఫొటోలూ అటుదిటు, ఇటుదటు మార్చేశాను; ఇప్పుడు "తర్వాత" నేనే. ఏమవుతుందో చూద్దామని అక్కడి సైకిలెక్కి తొక్కుతున్నట్టు నటించాను. కొత్తగా చేరిన ఒకావిడ గోడ మీది ఫొటోలు చూసి, నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"ఇలా అవ్వాలంటే ఎన్నాళ్లు పడుతుందండీ?"

"ఎలా?"

"అదే, అంత హాయిగా!"

సాయంత్రం పిల్ల ఆ ఫొటోల మార్పు చూసి నవ్వాపుకోలేక అక్కడే చతికిలబడింది. ఇంటికొచ్చి డబ్బా తెరిచి సగం తింది. మిగతా సగం కూడా తినేలోపు ఆ ఫొటోలు కదిపావో, ఫొటోకి బదులు నేనే వచ్చి ఆ గోడకి మేకు కొట్టుకుని వేలాడతాను.

నీ వదిన