కడిగితే పోయే రంగు

పిన్నికి నమస్కారాలు. కట్టులో ఉన్న నీ కుడికాలికి విడిగా ఇంకో నమస్కారం.

నువ్వు మావయ్య ఇంటికి వెళ్ళిన దగ్గర్నుంచి సెలూన్ నేనే తీస్తున్నాను, నేనే మూస్తున్నాను. అద్దాలు మెరుస్తున్నాయి. శిక్షణలో నేర్పినట్టే, రంగు కోసం వచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి తేడా చెబుతున్నాను. "పర్మనెంట్ రంగు వెంట్రుక లోపలికి దిగి కాపురం పెడుతుంది. సెమీ పర్మనెంట్ పైపైన కూర్చుని, తలంటుకున్న ప్రతిసారీ కొంత కొంత మూటాముల్లె సర్దుకుంటుంది." ఈ మాట నేనే కల్పించాను. స్కూలు టీచరమ్మ విని నవ్వి, కాపురమే ఖాయం చేసుకుంది.

నీ పాత కస్టమర్లలో ఒక్క కళ్ళజోళ్ళ కొట్టాయన సంగతే నాకు బోధపడలేదు. తల ముప్పాతిక వంతు నెరిసింది. అలాంటివాళ్ళకి పర్మనెంటే సరైనదని మా పాఠం. నువ్వేమో ఏళ్ళ తరబడి సెమీ వేస్తున్నావు. పాపం, రెండు వారాలకోసారి ఊరి ఆ చివర్నుంచి బస్సులో వేలాడుతూ వస్తున్నారు. ఈసారి వస్తే ఆయన కష్టం తీర్చేస్తాను.

నీ అక్క కూతురు

తా.క.: మొన్న ఊరికే తలుపు దగ్గర నిలబడి నీ కాలు ఎలా ఉందని మళ్ళీ మళ్ళీ అడిగారు. కళ్ళ పనివాడికి కాళ్ళ మీద ఇంత శ్రద్ధేమిటో.

*

అమ్మడికి ఆశీస్సులు.

ఫోన్ ఎందుకు చెయ్యనని అడగకు. ఇక్కడ ఫోన్ హాల్లో ఉంది. దాని పక్కనే మా వదిన ఊలు అల్లుతూ కూర్చుంటుంది. నేను "హలో" అంటే చాలు, అల్లిక ఆపి వింటుంది.

కళ్ళజోళ్ళాయన జోలికి వెళ్ళకు. ఆయనకి సెమీయే. చర్మం సున్నితం, పర్మనెంట్‌లో కలిపే మందు పడదు. అదీకాక జుట్టు సన్నం. అదీకాక ఆయనకి ఇష్టం లేదు. వస్తే రంగులో కండిషనర్ ఎక్కువ కలిపి పలచగా వెయ్యి. కిటికీ పక్క కుర్చీ ఇవ్వు. టీలో పంచదార అర చెంచా. మిగతావాళ్ళ తలలు నీ ఇష్టం.

పిన్ని

తా.క.: కాలి గురించి అడిగితే ఏం చెప్పావు? కుంటుతున్నానని మాత్రం చెప్పకు.

*

పిన్నికి, శుభవార్తతో రాస్తున్నాను.

చర్మం సున్నితం అన్నావు కదా, నీ మాట తీసిపారెయ్యకుండా పరీక్ష పెట్టాను. ఆయన చెవి వెనక ఒక చుక్క రాసి, రెండు రోజులాగి రమ్మన్నాను. ఠంచనుగా వచ్చారు. మచ్చ లేదు, దురద లేదు. జుట్టు సన్నం అన్నావు. ఒక వెంట్రుక పట్టుకుని చూస్తే చీపురుపుల్లలా ఉంది. ఇష్టం లేదన్నావు. అడిగితే "మీ పిన్నిగారు ఎలా అంటే అలా" అన్నారు. అంటే నువ్వు చెప్పిన మూడూ తప్పే. నొప్పి మాత్రల మత్తులో రాసి ఉంటావులే అని, పర్మనెంట్ వేసేశాను.

"ఇక మీరు బస్సెక్కే పని లేదండీ. కుదుళ్ళు తెల్లబడితే ఇంట్లోనే పూసుకోండి" అని ఒక ట్యూబు కూడా చేతిలో పెట్టాను. ఎలా పూసుకోవాలో బొమ్మలు గీసి మరీ ఇచ్చాను. ఆయన అద్దంలో చాలాసేపు చూసుకున్నారు. ఎంత సంతోషమో. టీ కూడా తాగలేకపోయారు.

నీ అక్క కూతురు

తా.క.: నువ్వు వేసే రంగు అంత తొందరగా ఎందుకు పోతోందో కనిపెట్టాను. రోజూ పొద్దునా సాయంత్రం బట్టల సబ్బుతో తల రుద్దుకుంటారట. మానెయ్యమని చెప్పాను.

*

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు చేసినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే నా బాధ. ఆయనకి ఇకమీదట ఏ పూతా వెయ్యకు. ఏ ట్యూబూ ఇవ్వకు. బొమ్మలు అసలే గియ్యకు. వచ్చారో లేదో మాత్రం రాయి.

పిన్ని

తా.క.: ఆ సబ్బు ఎప్పటినుంచి రుద్దుతున్నారో అడుగు. వద్దులే, అడగకు. సరే, అడుగు.

*

పిన్నికి,

ఇప్పటికి నాకు అర్థమైంది. నెలకి రెండుసార్లు వచ్చి కిటికీ పక్క కుర్చీ ఆక్రమిస్తే ఎవరికైనా విసుగే. మొహమాటానికి పోయి ఇన్నేళ్ళు భరించావు. ఇక నీకా బాధ లేదు.

ఆయన నిన్న వచ్చారు. "మీకు ఇకమీదట ఏ పూతా వెయ్యొద్దని పిన్ని రాసిందండీ" అని మర్యాదగానే చెప్పాను. "అలా రాశారా" అన్నారు. నమ్మకపోతే ఎలా అని, మిగతాదంతా చేత్తో మూసి నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. తర్వాత కవరు మీద మావయ్య అడ్రసు చూసి రాసుకున్నారు. ఫిర్యాదుకే అయుంటుంది. నువ్వు జాగ్రత్తగా ఉండు.

సబ్బు సంగతి అడిగాను. మొట్టమొదటిసారి నీ చేత రంగు వేయించుకున్న మర్నాటినుంచేనట. వెయ్యగానే కడుక్కునేవాళ్ళు అసలు ఎందుకు వేయించుకుంటారో నాకైతే తెలియదు.

నీ అక్క కూతురు

తా.క.: వెళ్తూ వెళ్తూ, వేసిన పర్మనెంట్ పోగొట్టుకునే దారి ఉందా అని అడిగారు. జుట్టు ఉన్నంతకాలం లేదన్నాను.

*

అమ్మడికి ఆశీస్సులు.

మొన్న మధ్యాహ్నం తలుపు తట్టారు. వదిన తీసింది. ఆయన లోపలికొచ్చి టోపీ తియ్యగానే ఆవిడ చేతిలోని ఊలు ఉండ దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. గుండు.

"ఏమిటండీ ఇది" అన్నాను.

"మీ అమ్మాయి వేసిన రంగు ఎంత రుద్దినా పోలేదండీ. ఇలా అయితే పోయింది" అన్నారు.

"పోకపోతే ఏం?"

"పోకపోతే మీ దగ్గరికి రావడానికి ఏం చెప్పుకుని రాను?"

వదిన ఊలు ఉండ కోసం వంగింది, ఎంతకీ లేవలేదు. నేనూ దాచలేదు. ఆయన రంగులో ఇన్నేళ్ళూ సగానికి సగం కండిషనరే కలిపానని, రెండు వారాలకి మించి నిలిస్తే నాకే తోచేది కాదని చెప్పేశాను. ఆయన గుండు తడుముకుని, "అయితే అంత సబ్బూ దండగే అన్నమాట" అన్నారు.

మళ్ళీ రంగు వేసేంత జుట్టు రావాలంటే నెలలు పడుతుంది. అందాకా ఏ కారణమూ చెప్పకుండా రమ్మన్నాను. నిన్నా వచ్చారు. ఇవాళా వచ్చారు.

పిన్ని

తా.క.: జుట్టు వచ్చాక పర్మనెంటా, సెమీనా అని అడిగారు. ఏదీ వద్దు, నెరిసిందే బాగుంటుందన్నాను. ఈ ముక్క మన కస్టమర్ల చెవిన పడనివ్వకు.