వెనక సీట్లో ఇసుక మూట

ఆర్డిత్, క్షేమంగా దిగాను. ముందు ఈ మాట చదివి స్థిమితపడు.

మన గ్యారేజీలో నీ బరువు కూడా లెక్కేసుకునే కట్టిన విమానం కదా, వెనక సీటు ఖాళీగా ఉంటే ముక్కు బరువెక్కుతోంది. అందుకని నీ చోట ఇసుక మూటని కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. సాల్మన్ నది పక్కన మన విమానాల వాళ్ళంతా గుడారాలు వేసుకున్న చోట దిగగానే మన పాత నేస్తం హెస్టర్ తన గుడారం వదిలి వచ్చి లోపలికి తొంగిచూసింది. "ఏంటయ్యా వెర్లిన్, మీ ఆవిడ ఉలకదు పలకదు, దారిలో ఏమన్నావేంటి?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

కానీ అంతకు ముందు, పైన్ చెట్ల మీదుగా కిందికి వస్తుంటే వేగం ఎక్కువైంది. "తగ్గించవయ్యా, పెళ్ళికి ఆలస్యమైపోతోందా?" అనే నీ కేక కోసం అలవాటుగా ఎదురుచూశాను. రాలేదు. చివరికి నేనే ఆ మాట గట్టిగా అరిచి, వేగం తగ్గించి దిగాను.

నీ మోకాలి కట్టు మార్చారా? కోళ్ళ కోసమని మెట్లు దిగకు. టమాటా మొక్కలకి పక్కింటి డెల్మార్ నీళ్ళు పోస్తున్నాడా? రేపు పొద్దున్నే వెళ్ళిపోతున్న హెస్టర్ చేతికే ఈ కార్డు ఇస్తున్నాను, నీ గురించి అడిగింది.

నేను బయల్దేరుతుంటే "నా ఎగరడం అయిపోయింది, వెనక సీటుకి ఇంకెవరినైనా చూసుకో" అన్నావు. నీ బెల్టు కొలత నేను మార్చలేదు, ఆర్డిత్. మూటకి అది వదులైతే, చుట్టూ నీ దుప్పటి చుట్టి సరిపెట్టాను.

నీ
వెర్లిన్