టేపు వదులు చేస్తారట

సుబ్బులూ,

నువ్వు పోయాక ఇవాళే మొదటిసారి నీ జబ్బు సంగతి పైకి చెప్పాను. నీ కూతురు పద్మకీ దగ్గితే చీర తడుస్తోందట. నీ పోలిక ముక్కుతో ఆగుతుందనుకున్నాను. ఏలూరు తీసుకెళ్లి చూపించాను.

ముందు వ్యాయామాలు చెయ్యమంది డాక్టరమ్మ. తగ్గకపోతే ఆపరేషన్ చేసి మూత్రనాళం కింద ఆసరాగా వలలాంటి టేపు వేస్తారట, నీకు వేసినటువంటిదే.

"మా చెల్లికి అది వేశాక చుక్క కారలేదండీ. సంబరపడి కొరమేను పులుసు పెట్టాను. తీరా చూస్తే పావుగంట కూర్చున్నా మూత్రం వచ్చేది కాదు. లోపల ఏదో గుచ్చుకుంటోందక్కా అంటే, కుట్లు కరిగిపోతాయిలే, ఇవన్నీ బయటికి చెప్పుకుంటారటే అని నోరు మూయించాను. తర్వాత చీము, జ్వరం, కిడ్నీలు..." అని చెప్పాను ఆవిడతో.

"టేపు బిగుసుకుందేమోనండీ. వెంటనే వస్తే వదులు చేస్తాం, లేదా కత్తిరిస్తాం," అందావిడ.

అంతేనట. ముప్పయ్యేళ్లు బళ్లో సైన్సు చెప్పాను. మూత్రపిండాల బొమ్మ కళ్లు మూసుకుని గీసేదాన్ని. కళ్లు మూసుకునే ఉండిపోయాను.

తాడేపల్లిగూడెం బస్సెక్కాక పద్మ నీళ్లు ముట్టలేదు. నీకూ అంతేగా, ప్రయాణమంటే గొంతు ఎండగట్టుకోవడమే. గుండుగొలను దగ్గర సీసా చేతిలో పెట్టాను.

"తాగవే. మూత్రం వస్తే బస్సు ఆపిస్తాను."

"మెల్లిగా పెద్దమ్మా, అందరూ వింటున్నారు."

"విననీవే," అన్నాను. ఇన్నాళ్లకి అన్నాను, సుబ్బులూ.

నీ అక్క