తెల్లంగా ఉన్న బూట్లు

నాయనా,

రాగిసంగటి మూతపెట్టినా, తిను. నీ చేపనూనె మాత్రల డబ్బా నేనే ఆఫీసుకు తీసుకుపోతాండా, వెతకొద్దు. నడవని రోజు దానికి బదులు రెండు మాత్రలు ఎక్కువ మింగుతాండావంట. హోటల్ కుళ్లాయప్ప మామే చెప్పినాడు. ఆయన దగ్గర ఉగ్గాని బజ్జి తినొచ్చి, వాకింగ్ అయిందని మాకు చెప్తాండావు. రెండు నెలల కింద కొన్న బూట్లు ఈ ఎర్రమట్టిలో ఇంకా తెల్లంగా ఎట్లుంటాయి? లివర్‌కు పట్టిన కొవ్వు నడిస్తేనే కరుగుతాదని డాక్టరు నీ ముందరే చెప్పినాడు. బుధవారం మళ్లా స్కానింగ్. నాకు భయంగా ఉండాది.

అమ్మకు ఇంకా చెప్పలేదు. సాయంత్రం నేనొచ్చేసరికి బూట్లు ఎర్రంగా లేకుంటే చెప్తా.

హేమలత

చేత్తో మట్టి పూయొద్దు, అడుగు తిప్పి చూస్తా. అరిగితే అరగనీ, నా జీతంతో ఇంకో జత కొనిస్తా.