దవడ పన్నుకు కొత్త పట్టుకారు

రాజ్యం,

నువ్వు ఎన్నాళ్లుగానో తెప్పించమన్న పట్టుకారు జగదల్‌పూర్ నుంచి మన భోపాలపట్నం రాజావారి దవాఖానాకు వచ్చింది. దాని ముక్కులు రెండూ దవడ పన్ను వంపుకు సరిగ్గా అతుకుతాయి. పాత కొక్కేన్ని తాళంచెవిలా తిప్పితే పన్ను సగంలో విరిగి చిగురు చీలేది. రోగి తలను నువ్వు రెండు చేతులా అదిమి పట్టేదానివి.

ఈ రోజు దోర్ల తెగ పోశమ్మ చెంప వాచి వచ్చింది. బల్ల మీద కూర్చుని చుట్టూ చూసింది.

"నీ ఇంటామె ఏది అయ్యా? ఆమె తల పట్టుకుంటెనే నోరు తెరుస్త."

"ఆమె లేదు పోశమ్మా. వానల్లో జ్వరంతో పోయింది."

పోశమ్మ నా ఎడమ చెయ్యి తీసుకుని తన దవడ కింద పెట్టుకుంది.

"గట్లయితే నువ్వే పట్టు."

కుడిచేత్తో పట్టుకారును చిగురు దాకా దించి, అటూ ఇటూ మెల్లగా కదిపాను. పన్ను వేళ్లతో సహా వచ్చేసింది. పోశమ్మ మూలిగిందే గాని అరవలేదు. ఈ పనిముట్టుకు ఒక్క మనిషి చాలు.

"రాజ్యం, నీళ్లు" అన్నాను, తల తిప్పకుండానే.

పోశమ్మ తనే లేచి కుండ దగ్గరికి వెళ్లింది. నోరు పుక్కిలించి, చెంబు మళ్లీ నింపి, నాకు తెచ్చి ఇచ్చింది.