దీవి, ఎన్ని గంటలకి?

సెప్టెంబర్ 3, మంగళవారం
చిన్న పిల్లలకి భూగోళం మొదటి పాఠం. నాలుగు వైపులా నీళ్లున్న నేల దీవి అని బోర్డు మీద రాశాను. సిగ్నె చెయ్యెత్తింది. ఎన్ని గంటలకి టీచర్, అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పోటు వేళ మాది దీవి. ఆటు వేళ సముద్రం అడుగు తేలి, అవతలి ఒడ్డుదాకా కార్లు తిరుగుతాయి. ఇక్కడే పుట్టాను. ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదు?

సెప్టెంబర్ 4
మున్సిపాలిటీ నుంచి ఫోన్. దీవిలో బడికి ఏడుగురు పిల్లలు చాలట, దీవి కాకపోతే ఇరవై మంది ఉండాలట. మాకున్నది ఏడుగురే. కారు వచ్చే చోటు దీవెలా అవుతుంది ఇంగా గారూ అని ఫ్లెమ్మింగ్ అనే అధికారి వాదన. పన్నెండున స్వయంగా వచ్చి చూస్తాడట. డబ్బు మిగుల్చుకోవాలని చెప్పడానికి నోరు రాక భూగోళాన్ని అడ్డం పెట్టుకుంటారా? ధనవంతులకి పన్ను తగ్గించిన రోజు ఏ నిర్వచనం వెతికారు? అన్నీ కడిగేశాను. ఫోన్ పెట్టేశాక.

సెప్టెంబర్ 6
ఒడ్డున మ్యాపు గీయమన్నాను. యెప్పె రెండు గీశాడు. ఒక దీవి చిన్నది, ఒకటి పెద్దది. ఏది కరెక్టురా అంటే, ఏ పూటదో చెప్పు టీచర్, అదే కరెక్టు, అన్నాడు. తీరం అంటే గీత అని ఇరవై ఏళ్లు పాఠం చెప్పాను. గీత కాదు, నేలకీ నీళ్లకీ తగాదా.

సెప్టెంబర్ 8
వాన. బోర్డు మీద ఆ వాక్యం ఇంకా చెరపలేదు.

సెప్టెంబర్ 12, మధ్యాహ్నం
ఫ్లెమ్మింగ్ కారులో వచ్చాడు. టైర్లు కూడా సరిగ్గా తడవలేదు చూశారా అని మురిసిపోయాడు. నేను ఉపన్యాసం ఎత్తుకునేలోపే పిల్లలు చుట్టుముట్టారు. రాజధాని కోపెన్‌హాగన్ ఉన్నది కూడా దీవి మీదే, దానికి వంతెన ఉందిగా, మరి అది కూడా దీవి కాదా అని యెప్పె. మనిషి కోటు విప్పి పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. వంతెన వేరురా అబ్బాయ్ అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. ఆలోచిస్తున్నాడు! ఈ అధికారుల జాతి ఆలోచించగా చూడటం ఇదే మొదటిసారి.
పడమటి గాలి, నీళ్లు ముందే వస్తాయి, ఇక బయల్దేరు అని సిగ్నె హెచ్చరించింది. ఫోన్‌లో చూశాను, పోటుకి ఇంకా టైముందిలేమ్మా, ముందు ఈ వంతెన సంగతి తేల్చనీ, అన్నాడు.

అదే రోజు, సాయంత్రం
నీళ్లు ముందే వచ్చాయి. దారి లేదు. భార్యకి ఫోన్ చేశాడు. రాలేనే, చుట్టూ నీళ్లే, అన్నాడు. పిల్లలంతా విన్నారు. యెప్పె వెళ్లి బోర్డు మీద లైటు వేశాడు.

సెప్టెంబర్ 13
తెల్లారి వెళ్లిపోయాడు. బోర్డు మీద నా వాక్యం కింద అతని చేతిరాత: రోజుకి రెండుసార్లయినా చాలు. బడి ఉంటుంది.
సిగ్నె మళ్లీ చెయ్యెత్తింది. ఫ్లెమ్మింగ్ వాళ్ల ఊరు ఎప్పుడు దీవి అవుతుంది టీచర్, అంది.